రద్దు చేసుకునే హక్కును మొహమాటపడకుండా రాయించుకోండి

ఆస్తి పిల్లల పేరున పెట్టేటప్పుడు మన పెద్దవాళ్ళు అన్నీ రాయిస్తారు. సర్వే నంబరు, నాలుగు హద్దులు, డోర్ నంబరు, లింకు డాక్యుమెంట్లు, చివరికి పెరట్లో బావి, కొబ్బరిచెట్టు కూడా. రాయించని వాక్యం ఒక్కటే. "నా జీవితకాలంలో దీన్ని మార్చుకునే హక్కు, రద్దు చేసుకునే హక్కు నాకు ఉన్నాయి." ఆ మాట అడగడానికే నోరు రాదు. కొడుకు ఏమనుకుంటాడో, కోడలు నొచ్చుకుంటుందేమో, అల్లుడి ముందు చులకనైపోతామేమో. ఆస్తిని ట్రస్టీ అనే మనిషి చేతిలో పెట్టి, లబ్ధిదారుల మేలు కోసం చూసుకోమని రాసే కాగితమే ట్రస్టు డీడ్. నా ఉద్దేశంలో అది రాసే ఏ తల్లీ తండ్రీ ఆ వాక్యం లేకుండా సంతకం పెట్టకూడదు. మన చట్టంలో ఆ వాక్యం లేకపోతే ఏమవుతుందో తెలిశాక నాకు ఈ అభిప్రాయం గట్టిపడింది.

ఒకప్పుడు ట్రస్టు అంటే గుంటూరు, విజయవాడల్లో సత్రమో, గుడో, కంటి ఆసుపత్రో గుర్తొచ్చేది. ఇప్పుడు మామూలు ఇళ్ళల్లోకీ ఆ మాట వచ్చింది. ఎక్కువగా అమెరికా నుంచే వచ్చింది. డల్లాస్‌లోనో శాన్‌హోసేలోనో ఇల్లు కొనుక్కుని, ఇద్దరు పిల్లలు పుట్టాక మనవాళ్ళు చాలామంది అక్కడి లాయరు చేత రివోకబుల్ లివింగ్ ట్రస్టు రాయించుకుంటున్నారు. బతికి ఉన్నంతకాలం ఆస్తి తమ చేతిలోనే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు, పోయాక ప్రొబేట్, అంటే వీలునామాను కోర్టులో రుజువు చేసుకునే తతంగం, లేకుండా పిల్లలకు చేరుతుంది. ఆ సుఖం చూశాక ఆదివారం వీడియో కాల్‌లో "నాన్నా, మీరూ అలాంటిదే ఒకటి రాసేయండి" అంటారు. ఇక్కడ నాన్నకు బ్రాడీపేటలో ఒక ఇల్లు, మంగళగిరి వైపు ఒక స్థలం, తుళ్ళూరు పొలం ల్యాండ్ పూలింగ్‌కు ఇచ్చినందుకు వచ్చిన ప్లాట్లు ఉంటాయి. పిల్లవాడు మంచి మనసుతోనే చెప్పాడు. తండ్రి సరేనన్నాడు. అయితే ఆ కొడుకు రాసుకున్న ట్రస్టుకూ, ఈ తండ్రి రాయబోయే ట్రస్టుకూ మూలంలోనే తేడా ఉందని ఇద్దరికీ ఎవరూ చెప్పరు.

అమెరికాలో ట్రస్టుల చట్టం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. వాటికి నమూనాగా 2000లో యూనిఫామ్ ట్రస్ట్ కోడ్ అని ఒకటి తయారు చేశారు. చాలా రాష్ట్రాలు దాన్ని తీసుకున్నాయి. అందులో 602వ సెక్షన్ ప్రకారం, ట్రస్టు కాగితంలో "ఇది రద్దు చేయడానికి వీల్లేనిది" అని స్పష్టంగా రాసి ఉంటే తప్ప, రాసిన మనిషి దాన్ని మార్చుకోవచ్చు, రద్దూ చేసుకోవచ్చు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సస్, కాలిఫోర్నియా ఆ కోడ్‌ను తీసుకోలేదు గానీ, వాటి సొంత చట్టాల్లోనూ ఇదే నియమం ఉంది. కాగితం మౌనంగా ఉంటే హక్కు రాసినవాడిదే.

మన దగ్గర సరిగ్గా తిరగబడుతుంది. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ 78వ సెక్షన్ చదవండి. వీలునామా ద్వారా పెట్టిన ట్రస్టును, వీలునామా రాసినాయన తన ఇష్టం వచ్చినప్పుడు రద్దు చేసుకోవచ్చు. బతికుండగానే అమల్లోకి వచ్చే ట్రస్టునైతే మూడే మూడు దారుల్లో రద్దు చేయవచ్చు. లబ్ధిదారులందరూ కాంట్రాక్టు చేయగల అర్హత ఉన్నవాళ్ళై, అందరూ ఒప్పుకోవడం ఒకటి. రద్దు చేసే అధికారాన్ని రాసిన మనిషి డీడ్‌లో స్పష్టంగా తన దగ్గర ఉంచుకుని, దాన్ని వాడుకోవడం రెండోది. మూడోది, అప్పులు తీర్చడానికి పెట్టిన ట్రస్టు గురించి అప్పులవాళ్ళకు ఇంకా తెలియజేయకపోవడం. ఆ మూడోదానితో మన ఇళ్ళల్లో పని లేదు. అంటే తండ్రికి దిక్కు మొదటి రెండే. కాగితం మౌనంగా ఉంటే రెండోది పోయింది. మిగిలింది అందరి ఒప్పుదల.

అందరూ అంటే ఎవరెవరో చూస్తే అసలు చిక్కు బయటపడుతుంది. మన వైపు డీడ్‌లలో తరచుగా కనిపించే మాట "నా కుమారులు, కుమార్తెలు, వారికి కలిగిన, కలుగబోవు సంతానము". ఎంతో ప్రేమగా రాయిస్తారు. ఆ ఒక్క మాటతో మొదటి దారి కూడా మూసుకుపోతుంది. 18 ఏళ్ళు నిండని మనవడు ఒప్పుదల ఇవ్వలేడు. ఇంకా పుట్టని మనవరాలు అసలే ఇవ్వలేదు. మైనరు తరఫున కోర్టు ఒప్పుకుంటుంది కదా అని కొందరు లాయర్లు కూడా తేలిగ్గా అనేస్తారు. కోర్టు ఆ ఒప్పుదల ఇవ్వొచ్చని చెప్పేది 11వ సెక్షన్. ట్రస్టు అమలు చేసే పద్ధతిలో మార్పులు చేసుకునేటప్పుడు వర్తించే సెక్షన్ అది. పైగా "ఈ సెక్షన్ అవసరాల మేరకు" అని అందులోనే గిరి గీశారు. అదే మాట 78లో లేదు.

మా బంధువుల్లో ఒక పెద్దాయనకు ఇదే జరిగింది. ఆయన నాకు వరసకు బాబాయి. ఇల్లు, ఇంటి వెనక ఖాళీ స్థలం కలిపి ట్రస్టు పెట్టి, ఇద్దరు కొడుకుల్నీ ట్రస్టీలను చేశారు. లబ్ధిదారులు మనవలు. అద్దెలు మాత్రం తాను, పిన్ని బతికినంతకాలం తమకే చెందేలా రాయించుకున్నారు, అంతవరకు బాగానే ఉంది. తర్వాత పిన్నికి కిడ్నీలు పాడయ్యాయి. వెనక స్థలం అమ్మితే వైద్యానికి సరిపోయేది. అమ్ముదామంటే ట్రస్టీలకు అమ్మే అధికారం డీడ్‌లో లేదు, రద్దు చేద్దామంటే ఆయన అధికారం మిగుల్చుకోలేదు, ఒప్పుదల తీసుకుందామంటే చిన్న మనవడు స్కూల్లో చదువుతున్నాడు. కొడుకులు చెడ్డవాళ్ళు కాదు, ఇద్దరూ రాత్రింబవళ్ళు ఆసుపత్రిలోనే ఉన్నారు. తండ్రి, కొడుకులు అందరూ ఒక మాట మీద ఉండి కూడా తమ స్థలాన్ని తాము అమ్ముకోలేక అప్పు తెచ్చుకున్నారు. పిల్లల మీద అనుమానం ఉన్నవాళ్ళకే రద్దు హక్కు కావాలి అనే మాట ఎవరు చెప్పినా నాకు ఒప్పుదల కానిది ఇందుకే. పిల్లలు బంగారం లాంటివాళ్ళయినా ఆ వాక్యం అవసరం పడుతుంది. జబ్బు వస్తుంది, ధరలు మారతాయి, ఒక బిడ్డ వెనకబడిపోతుంది, ఇంకో బిడ్డకు అసలు అవసరమే లేకుండా పోతుంది. డెబ్భై ఏళ్ళ వయసులో రాసిన లెక్క ఎనభైకి సరిపోవాలని ఏముంది?

ఇక్కడ దాన దస్తావేజునూ ట్రస్టునూ కలిపి చూడకూడదు. మన వైపు ఎక్కువమంది రాసేది గిఫ్టు సెటిల్‌మెంట్, పల్లెల్లో దఖలు అంటారు. "నాకు ఇష్టం లేనప్పుడు వెనక్కి తీసుకుంటాను" అని దానంలో రాస్తే ఆ దానమే చెల్లదని ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ చెబుతోంది. దాత ఇష్టాయిష్టాలతో సంబంధం లేని ఒక సంఘటన జరిగితే రద్దవుతుందని ఇద్దరూ ఒప్పుకుని రాసుకోవచ్చు, అంతే. పిల్లలు చూడకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీఓ దగ్గర ఉండే ట్రైబ్యునల్‌కు వెళ్ళవచ్చు. కానీ అక్కడ కూడా పోషించాలనే షరతు మీద ఆస్తి ఇచ్చినట్టు చూపాలని 2022లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు ఈ చట్టాన్ని పెద్దవాళ్ళకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలని చెప్పింది. మంచిదే. అయినా అక్కడ నిలబడి గెలవాలంటే కన్నబిడ్డ తనను చూడటం లేదని తల్లి ఒక ఆఫీసరు ముందు చెప్పుకోవాలి. ట్రస్టులో ముందే రాసి పెట్టుకున్న హక్కుకు ఆ అవస్థ లేదు. ఎవరి తప్పూ రుజువు చేయక్కర్లేదు, కారణం కూడా చెప్పక్కర్లేదు.

మరి ఆ వాక్యం ఎలా ఉండాలి? "రద్దు చేసుకునే హక్కు కలదు" అని ఒక ముక్క పడేస్తే సరిపోతుందని నేను అనుకోను. పూర్తిగా రద్దు చేయడం, కొంత ఆస్తిని మాత్రం బయటికి తీసుకోవడం, లబ్ధిదారుల్ని మార్చడం, ట్రస్టీలను మార్చడం, ఇవన్నీ విడివిడి పనులు. ఏవేవి చేయవచ్చో విడివిడిగా రాయించాలి. భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టిన ట్రస్టయితే, ఒకరు పోయాక రెండోవారు ఒంటరిగా ఈ హక్కు వాడుకోవచ్చా, వాడుకుంటే మొత్తం ఆస్తి మీదా లేక తన వాటా మీదేనా అన్నది తప్పకుండా తేల్చాలి. మన ఇళ్ళల్లో భర్త ముందు పోవడమే ఎక్కువ చూస్తాం. ఆ తర్వాత ఆవిడకు ఆ కాగితంలో ఏ బలమూ లేకపోతే, ఆయన రాయించుకున్న జాగ్రత్త అంతా ఆయనతోనే పోతుంది. పిత్రార్జితం అయితే అందులో తన వాటాకు మించి ఆయన ట్రస్టులో పెట్టలేరు, ఆ సంగతి రద్దు దాకా రాకముందే చూసుకోవాలి.

రద్దు చేసే పద్ధతి కూడా రాయాలి. స్థిరాస్తి ట్రస్టు చెల్లాలంటే వీలునామాతోనైనా పెట్టాలి, లేదా రాతపూర్వకంగా, సంతకంతో, రిజిస్టరు అయినా ఉండాలని ట్రస్ట్స్ యాక్ట్ 5వ సెక్షన్ చెబుతోంది. రద్దూ అంతే. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తిలో హక్కును పుట్టించే కాగితమే కాదు, హక్కును అంతం చేసే కాగితం కూడా తప్పనిసరిగా రిజిస్టరు కావాలి. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి నోటితో చెప్పేసి, తెల్లకాగితం మీద సంతకాలు పెట్టించుకుంటే పని జరగదు. కోర్టులో ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోరు. రిజిస్టరైన పత్రాన్ని తర్వాత నోటిమాటతో మార్చుకున్నాం అని చెప్పడానికీ సాక్ష్య చట్టం ఒప్పుకోదు. కాబట్టి పాత ట్రస్టు డీడ్ నంబరు, సంవత్సరం, ఏ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అయిందో, ఏ క్లాజు కింద ఈ హక్కు వాడుకుంటున్నారో చెబుతూ రద్దు పత్రం రాసి రిజిస్టరు చేయించాలి. దానికి విడిగా స్టాంపు డ్యూటీ ఉంటుంది. ట్రస్టీలకు కాపీ అందినట్టు రుజువు పెట్టుకోవాలి.

ట్రస్టీ వేరే మనిషైతే, ఆస్తి కాగితాల మీద యజమానిగా ఉన్నది అతనే. రద్దు తర్వాత ఆస్తిని తిరిగి రాసినాయన పేరుకు బదలాయించడం అతని బాధ్యత అని డీడ్‌లోనే ఉండాలి, అతను నిరాకరిస్తే ఏమిటన్నదీ ఉండాలి. రాసిన మనిషే మొదటి ట్రస్టీగా ఉంటే ఈ గొడవ చాలావరకు ఉండదు, అందుకే నేను అడిగినవాళ్ళకు మొదట చెప్పేది అదే. తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన పత్రాల జాబితా, తీసి రద్దు ఎక్కిందో లేదో చూడాలి. మున్సిపల్ ఆఫీసులో ఇంటిపన్ను పేరు, కరెంటు కనెక్షన్, అద్దె ఒప్పందాలు, ట్రస్టు పేరున తెరిచిన బ్యాంకు ఖాతా, అన్నీ మారాలి. ఈ చివరి పనులు వదిలేసి, అయిదేళ్ళ తర్వాత అమ్మకానికి పెట్టినప్పుడు కొనేవాళ్ళ లాయరు పట్టుకుంటే తల పట్టుకునేవాళ్ళు ఎక్కువ.

పిల్లల వైపు నుంచి ఒక న్యాయమైన మాట ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. "మా పేరున ఉందని నమ్మి పైన అంతస్తు వేశాం. లోను కూడా మేమే కడుతున్నాం. రేపు మీరు ఒక్క సంతకంతో తీసేసుకుంటే మా గతేంటి?" ఈ ప్రశ్న ఒక కోడలు అడగగా విన్నాను, ఆ అమ్మాయిది స్వార్థం అని నాకు అనిపించలేదు. చట్టం కూడా కొంత రక్షణ ఇచ్చింది. ట్రస్టీలు ట్రస్టు ప్రకారం సక్రమంగా చేసిన పనిని దెబ్బతీసేలా రద్దు చేయడం కుదరదని ట్రస్ట్స్ యాక్ట్ 79వ సెక్షన్ చెబుతోంది. ట్రస్టీ చేసిన లీజు, కట్టిన అప్పు ఇలాంటివి నిలబడతాయి. కానీ లబ్ధిదారు తన జేబులోంచి పెట్టిన డబ్బుకు ఆ సెక్షన్ నేరుగా భరోసా కాదు. కాబట్టి పెట్టుబడి పెట్టేముందే డీడ్‌లో సవరణ చేసుకుని, ఆ భాగాన్ని రద్దు హక్కు నుంచి తప్పించడమో, పెట్టిన ఖర్చు తిరిగి ఇచ్చాకే రద్దు చేయాలని రాసుకోవడమో చేయాలి. సవరణ కూడా రిజిస్టరే. నా వాదన తల్లిదండ్రుల వైపు ఉన్నంత మాత్రాన పిల్లల చెమటను పట్టించుకోనక్కర్లేదని కాదు.

పన్ను విషయం ఒక్క మాటలో చెప్పేస్తాను. వెనక్కి తీసుకోగల బదిలీ మీద వచ్చే ఆదాయం రాసినవాడి ఆదాయంగానే లెక్క. 1961 ఆదాయపు పన్ను చట్టం 61, 63 సెక్షన్లు ఇలాగే చెప్పాయి. ట్రస్టు పెట్టి అద్దెను పిల్లల రిటర్నులో చూపించి పన్ను తగ్గించుకుందామనుకునేవాళ్ళకు ఇది నచ్చదు. ఆ ఆశతో రద్దు హక్కు వదులుకునేవాళ్ళూ ఉన్నారు. ఏటా మిగిలే కొంత పన్ను కోసం ఇల్లంతా చేజార్చుకోవడం నాకు సబబుగా కనిపించదు.

అమెరికాలో ఉన్న పిల్లలు కూడా తమ ట్రస్టు మార్చడం ఇంకా తేలిక అని ధీమాగా ఉండకూడదు. మార్చే హక్కు ఉండటం వేరే, మార్చిన కాగితం చెల్లడం వేరే. యూనిఫామ్ ట్రస్ట్ కోడ్ ఉన్న రాష్ట్రంలో, ట్రస్టు తన పద్ధతే ఏకైక పద్ధతి అని చెప్పనప్పుడు, తర్వాత రాసిన వీలునామాలో ఆ ట్రస్టును స్పష్టంగా పేర్కొని రద్దు చేయవచ్చు. కాలిఫోర్నియాలో చట్టం ఇచ్చిన పద్ధతి వేరు. సంతకం చేసిన రాతపత్రం బతికుండగానే ట్రస్టీకి అందాలి, ఆ రాతపత్రం వీలునామా అయితే పనికిరాదు. టెక్సస్‌లో రాతపూర్వకంగా పెట్టిన ట్రస్టును రాతపూర్వకంగానే రద్దు చేయాలి. న్యూజెర్సీ నుంచి శాన్‌హోసేకు మారిన కుటుంబం పాత కాగితం బీరువాలో అలాగే ఉంచుకుంటే, ఏ రాష్ట్రం పద్ధతి పాటించాలన్నదే ముందు తేల్చుకోవాల్సి వస్తుంది. ఇక ట్రస్టు కాగితం మీదే పెన్నుతో ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాయడం, రాసిన మనిషి పోయాక కేసులకు దారి తీసే పని. చిన్న మార్పుకు సవరణ పత్రం, మార్పులు పెరిగిపోతే మొత్తం తిరగరాసే రీస్టేట్‌మెంట్. అలా తిరగరాస్తే పాత ట్రస్టు అదే తేదీతో, అదే పేరుతో కొనసాగుతుంది కాబట్టి ఇల్లు, ఖాతాలు మళ్ళీ మార్చుకునే పని ఉండదు.

డల్లాస్‌లో నోటరీ చేసిన ఆ ట్రస్టులో గుంటూరు ఇంటిని కూడా జాబితాలో చేర్చామని కొందరు నిశ్చింతగా ఉన్నారు. ఇక్కడి స్థిరాస్తికి ఇక్కడి చట్టమే. రిజిస్టరు కాని ఆ కాగితంతో ఇక్కడ ఏమీ కదలదు.

అసలు మన ఊళ్ళో ట్రస్టు ఎందరికి కావాలి? అమెరికాలో లివింగ్ ట్రస్టుకు పెద్ద కారణం ప్రొబేట్ తప్పించుకోవడం. గుంటూరు, విజయవాడల్లో ఒక హిందువు రాసిన వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. ఇద్దరు పిల్లలు, ఒక ఇల్లు, కొన్ని డిపాజిట్లు ఉన్న మామూలు కుటుంబానికి రిజిస్టరు చేయించిన వీలునామా చాలు. బతికున్నంతకాలం, మతి స్థిమితంగా ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చని 1925 వారసత్వ చట్టం 62వ సెక్షన్ చెబుతోంది. అందులో రద్దు హక్కు అడగడానికి మొహమాటపడే పనే లేదు, చట్టమే ఇచ్చింది. ట్రస్టు నిజంగా అక్కరకొచ్చేది వేరే ఇళ్ళల్లో. తన పని తాను చేసుకోలేని బిడ్డ ఉన్నప్పుడు, పిల్లలంతా విదేశాల్లో ఉండి ఇక్కడ అద్దెలు, మరమ్మతులు చూసే మనిషి కావాల్సి వచ్చినప్పుడు, తామే మంచాన పడితే ఆస్తి నడిపేవాళ్ళు ఉండాలనుకున్నప్పుడు.

ఆ చివరి అవసరం దగ్గరే ఇంకో చిక్కు ఉంది. రద్దు హక్కు రాసిన మనిషికి మతిమరుపు జబ్బు వస్తే ఆ హక్కును ఎవరు వాడుకుంటారు? అమెరికాలో మతి పోయాక కూడా పనిచేసే పవర్ ఆఫ్ అటార్నీ ఉంటుంది. దాని కింద ఏజెంటు ట్రస్టును రద్దు చేయాలన్నా ఆ అధికారం స్పష్టంగా రాసి ఉండాలి. మన దగ్గర కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఇచ్చినవాడి మతి తప్పగానే పవర్ ఆఫ్ అటార్నీ ముగిసిపోతుంది. కొడుకు దగ్గర ఉన్న జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) సరిగ్గా అవసరమైన రోజునే చేతికి రాదు. కాబట్టి ఆ రోజు కోసం రద్దు హక్కును నమ్ముకోకుండా, వైద్యానికి ఆస్తి అమ్మే అధికారం ట్రస్టీలకు ఇవ్వాలి. ట్రస్టీని మార్చే అధికారం ఫలానా కూతురికో తమ్ముడికో ఉందని పేరు రాయాలి, ట్రస్ట్స్ యాక్ట్ 73వ సెక్షన్ అలా నియమించడానికి వీలిస్తుంది. రాసిన మనిషి ఇక నిర్ణయాలు తీసుకోలేరని ఎవరు, ఎలా నిర్ధారించాలో, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్టు అని గానీ ఇంకోలా గానీ, డీడ్‌లోనే చెప్పాలి. వయసు పైబడ్డాక రద్దు పత్రం రాసేవాళ్ళు అదే వారంలో డాక్టరు దగ్గర సర్టిఫికెట్టు తీసుకుని, ఆస్తిలో ఏ వాటా లేని ఇద్దరిని సాక్షులుగా పెట్టుకుని రిజిస్ట్రేషన్‌కు వెళ్ళడం మంచిది.